పాడేవాడు లేని ప్లేట్లు

"అవ్వా, మాటల్లేని పాటలు నీకు ఇన్ని ఎట్ల తెలిసినాయి? మొదట్నుంచి చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టినా."

పెట్టినావా? యాడ, ఆ దిండు మీదనా? నా గొంతు పడతాదా దాంట్లో? సరే. మధ్యలో ఆ కుక్కర్ కూస్తే నన్ను అనొద్దు మళ్ళా.

ఎట్ల తెలిసినాయంటే... ఒక రైలు గార్డుతో మొదలైంది పాపా. కాదు కాదు, ఉండు, గార్డు కంటే ముందు మాయత్తను గురించి చెప్పల్ల, లేకుంటే నీకు రుచి తెలీదు. మాయత్త ఓబులమ్మ, అంటే మీ తాతను కన్నతల్లి. నువ్వు చూడలే ఆమెను. మడకశిర దిక్కు మనిషి. సగం తెలుగు, సగం కన్నడ, నోరు తెరిస్తే ఏది వస్తాదో ఆమెకే తెలీదు. నవ్వే మనిషి కాదు. నేను బత్తలపల్లె నుంచి ఈ ధర్మవరానికి కోడలుగా వచ్చి ఆరేండ్లైనా ఆమెకు పండ్లు ఎన్ని ఉండాయో చూడలేదు నేను. పొద్దున్నే లేసి రాట్నం ముందర కూచుంటే పట్టుదారం చుట్టేదే చుట్టేది. మీ తాత మగ్గం గుంతలో, నేను ఒకసారి మగ్గం కాడ, ఒకసారి పొయ్యి కాడ. అదీ మా ఇల్లు. డెబ్బైల్లో మాట ఇది. అప్పుడు పట్టుచీర నేస్తే కూలి ఎంతనుకున్నావు? వద్దులే, చెప్తే నవ్వుతావు.

మా ఇంటి పక్క గదిలో గార్డు సారు బాడుగకు ఉండె. కలకత్తా దిక్కాయన. ఒంటి మనిషి. గూడ్సు బండ్ల మీద పోయేది, వచ్చేది, పడుకునేది. గోడకు ఆనుకొని కూచుంటే లోపల్నుంచి ఏదో సన్నంగా గునుస్తాండేది, రేడియో అనుకొంటిమి. ఒకదినం ఆయనకు ఉన్నట్టుండి యాడికో బదిలీ వచ్చింది. ఆడ ఇల్లు దొరకలేదంట. ఒక చెక్కపెట్టె, ఒక సూట్‌కేసు మోసుకొని మా వాకిట్లోకి వచ్చినాడు. ఆయన తెలుగు ఎట్లుండేదో తెల్సా? "అమ్మా, రెండు నెల. మీ ఇంట్లో పెట్టు. వారం ఒకసారి తిప్పు. తిప్పకపోతే మిషన్ చచ్చిపోతుంది" అన్న్యాడు.

సూట్‌కేసు కాదది. మూత తీస్తే లోపల ప్లేటు తిరిగే మిషను, మూతలోనే స్పీకరు. రికార్డు ప్లేయరు. కరెంటుతోనూ తిరుగుతాది, టార్చి సెల్లులు ఏసినా తిరుగుతాది. చెక్కపెట్టె నిండా ప్లేట్లు, ఇంత ఇంత పెద్దవి, అట్ట కవర్లలో. ముల్లు ఎట్ల పెట్టాలనో, ఎట్ల తియ్యాలనో నాకు రెండుసార్లు చూపిచ్చినాడు. మాయత్త దూరంగా నిలబడి, "పరాయోళ్ళ సొత్తు మనకెందుకప్పా" అని గొణిగింది గానీ, ఆయన దండం పెట్టేసరికి ఒప్పుకొనింది.

ఆ శనివారం మధ్యాన్నం మొదటిసారి పెట్టినాం. వీధిలో ఆడోళ్ళంతా వచ్చి కూచున్న్యారు, సినిమా పాటలు వస్తాయని. మీ తాత మగ్గం ఆపి మరీ వచ్చినాడు. ప్లేటు ఏసినా, ముల్లు పెట్టినా. గరగరమనింది. ఏదో తంతి వాయిద్యం. నిదానంగా ఒక్కొక్క గీత గీసినట్ల... టుయ్‌ఁ... మళ్ళా సద్దు లేదు... టుయ్‌ఁ... అందరం ఎదురు చూస్తాండాం. పాడేవాడు ఇప్పుడొస్తాడు, ఇంగ వస్తాడు అని. యాడొస్తాడు? ప్లేటు అయిపొయ్యింది! ఇంగొక ప్లేటు ఏసినా. దాంట్లోనూ పాడేవాడు లేడు. ఇంగొకటి. ఉహూఁ.

మీ తాత లేసి పంచె దులుపుకొని, "ఏమప్పా ఈ సారు, పాడేవాళ్ళకు కూలి ఇయ్యలేదేమో" అని పోయి గుంతలో దిగినాడు. ఆడోళ్ళు నవ్వుకుంటా ఎవరిండ్లకు వాళ్ళు పొయ్యిరి.

నేనూ మాయత్తా మిగిల్తిమి. తిప్పకపోతే మిషను చచ్చిపోతాదన్న్యాడు గదా, మాట ఇచ్చినాం గదా, తిప్పల్ల. నాలుగో ప్లేటు పెట్టినా. అది పిల్లంగోవి పాపా. అప్పటిదాంకా రాట్నం తిప్పుతాండిన మాయత్త చెయ్యి ఆగిపాయె. "మా రంగడు" అనింది. ఎవరత్తా అంటే, "మా తమ్ముడు. గొర్రెలు మేపేటోడు. ఇట్లే ఊదేటోడు మిట్ట మీద కూచోని. పదహారేండ్లకే జ్వరం తగిలి పొయ్యె" అనింది. ఆరేండ్లలో ఆమెకు తమ్ముడు ఉన్న్యాడని నాకు తెలీదు! ఆపొద్దు తెలిసింది. ఇంగొకసారి పెట్టమనింది. ఇంగొకసారి. ఆపొద్దు మూడు చీరలకు సరిపోయే దారం చుట్టాల్సింది, ఒక్కటికీ చుట్టలేదు. ఆమెను అడిగేదెవరు?

ఆ మర్రోజు నుంచి చూడు మా ఇద్దరికీ పిచ్చి పట్టింది. వారానికి ఒకసారి తిప్పమంటే దినానికి రెండుసార్లు తిప్పితిమి! పొద్దున పొయ్యి ఎలిగించేటప్పుడే "ఏ ప్లేటే ఇయ్యాల?" అంటాది ఆమె. నేను ఐదో తరగతి దాంకా చదివినా, అదీ తెలుగు. కవర్ల మీదంతా ఇంగ్లీషు. మరి ఏది ఏదని ఎట్ల తెలియాల? మాయత్తే ఉపాయం చెప్పింది. ఇంట్లో రంగు పట్టుదారాలకు కొదవా? ఒక్కొక్క కవరు మూలకు ఒక్కొక్క రంగు దారం అంటిచ్చితిమి. పిల్లంగోవికి ఆకుపచ్చ, గొర్రెలు మేసే గడ్డి గదా. పెండ్లి సన్నాయి మాదిరి ఉండేదానికి ఎరుపు. గొంతు జీరపోయినోడు ఏడ్సినట్ల ఉండే ఒక వాయిద్యం ఉండె, దానికి నలుపు. పేర్లూ మేమే పెట్టుకొంటిమి. అన్నిటికంటే నాకు ఇష్టమైంది నీలం దారం ప్లేటు. దాని పేరు వాన.

ఎందుకు వానంటే, రేకుల మీద చినుకులు పడినట్ల ఉంటాది పాపా! మొదట ఒకటి, రెండు, మళ్ళా నిలబడతాది, మళ్ళా నాలుగు, ఇంగ కురుస్తాది చూడూ... టపటపటపటప అని నీ ఒళ్ళంతా తడుస్తాది. నాకు ఇప్పటికీ చెయ్యి మీద వెంట్రుకలు లేస్తాండాయి చూడు, ఇట్ల చూడు.

ఆ ఏడు కరువు. ఏ ఏడు కాదులే కరువు మనకు, అయినా ఆ ఏడు మరీ. మా నాయన బత్తలపల్లె నుంచి వచ్చినాడు. ఇంట్లో శనక్కాయ విత్తనం కొట్టి పెట్టుకొని రెండు నెలలుగా మొగులు దిక్కు చూస్తాన్న్యాడు. మనిషి నల్లగా ఎండిపొయ్యుండె. నీళ్ళిచ్చినా, సద్ది పెట్టినా, ముట్టడు. ఏమి చేయాల్నో తోచక నేను నీలం దారం ప్లేటు పెట్టినా. పెట్టినంక భయమైంది, బాధపడతాడేమో అని. మా నాయన తల వంచుకొని విన్న్యాడు. అయిపోయినంక తల ఎత్తి, "పాపా, నడిమధ్యలో అట్ల జోరుగా కొట్టింది గదా, అది ఇంగొకసారి ఏయ్" అన్న్యాడు. ఏసినా. మళ్ళా అడిగినాడు. మళ్ళా ఏసినా. పోయేటప్పుడు వాకిట్లో చెప్పులేసుకుంటా నవ్వి, "మన సేన్లో పడకపోయినా మీ ఇంట్లో బాగా పడిందమ్మా" అన్న్యాడు. మా నాయన నవ్వినేది నేను చూసి ఎన్నాళ్ళైండెనో.

రెండు నెలలు అన్న్యాడా సారు, ఏడాది దాటినా రాలేదు. ఒక కార్డు రాసినాడు, బదిలీ మీద బదిలీ అని, ఇంగ కొన్నాళ్ళు ఉంచండని. మాకు ఏం కష్టం? రాకుంటేనే బాగుండు అని లోపల అనుకుంటాంటిమి, దేవుడు క్షమించల్ల.

ఇంగ చూడు నేను చేసిన పని. ఎండాకాలం. మన ధర్మవరం ఎండ నీకు తెల్సు గదా. ప్లేట్ల మీద దుమ్ము పడి ముల్లు గీకుతాండాదని తడిబట్టతో అన్నీ తుడిచినా. నీలం దారం ప్లేటు కొంచెం తడిగా ఉన్నట్ల కనిపిచ్చింది. ఆరనీలే అని అరుగు మీద ఎండలో పెట్టి లోపలికి పోయినా. అప్పడాలు ఆరబెట్టేదే తెల్సు గానీ నాకు ఇవన్నీ యాడ తెల్సు? కూడు వండి వచ్చి చూస్తే... అయ్యో! అంచులన్నీ పైకి లేసి, మధ్యలో గుంతపడి, కాల్చిన అప్పడం మాదిరి అయిపొయ్యుండె. చేతిలో పట్టుకుంటే మెత్తగా వంగుతాండాది. ఆడే కూలబడి ఏడ్చినా.

మాయత్త వచ్చింది. తిడతాదనుకుంటి. తిట్టలేదు. దాన్ని తీసకపోయి రెండు పలకల మధ్యన పెట్టి పైన రుబ్బురోలు పొత్రం ఎక్కిచ్చింది. మూడు దినాలు! తీసి ఏస్తే ముల్లు గుట్ట ఎక్కి దిగుతాండాది. వాన వస్తాండాది, పోతాండాది, వస్తాండాది, పోతాండాది. మీ తాత మగ్గంలో నుంచే, "ఇప్పుడు మన జిల్లా వాన మాదిరి ఉండాది" అన్న్యాడు. నాకు నవ్వు రాలే. సారు వస్తే ఏం చెప్పేది? మాట ఇచ్చిన మనుషులం.

రెండు దినాలైనంక మాయత్తే, "బెంగుళూరులో దొరకదా?" అనింది. ఆడోళ్ళిద్దరం, బెంగుళూరికి! మీ తాత "మీకేమన్నా తలకాయ తిరిగిందా" అన్న్యాడు. మాయత్త ఆయన దిక్కు చూసింది. అంతే, ఆయన పోయి గుంతలో దిగినాడు.

పొద్దున ప్యాసింజరు ఎక్కితిమి. పాడైన ప్లేటు కవర్లో పెట్టి, దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, చంటిబిడ్డను మోసినట్ల ఒళ్ళో పెట్టుకొని కూచున్న్యాను. బెంగుళూరులో దిగితే, అబ్బా, ఆ జనం! నాకు ఊపిరాడలేదు గానీ మాయత్త దున్నుకుంటా పోయింది. ఆమెకు కన్నడ వచ్చు గదా! అందర్నీ ఆపి అడిగేది. అట్ల అడిగి అడిగి ఒక ప్లేట్ల అంగడి కాడికి చేరితిమి. అద్దాల తలుపు. లోపల గోడల నిండా ప్లేట్లు, కింద నుంచి పైదాంకా. నేను గడప కాడే నిలబడిపోతి. లోకంలో ఇన్ని ఉండాయా అని. మా ఇంట్లో ఉన్న పద్నాలుగే లోకం అనుకుంటి నేను!

అంగడాయన కండ్లద్దాల మనిషి, మంచోడు. నూలు చీరల్లో, గుడ్డ సంచితో ఉన్న మమ్మల్ని చూసి ఏమనుకున్న్యాడో గానీ, సంచిలో నుంచి నేను ప్లేటు తీస్తానే కుర్చీలో నుంచి లేసినాడు. "అయ్యయ్యో" అన్న్యాడు, మనిషికి దెబ్బ తగిలినట్ల. దాని మీద చదివి, "ఇది సంతూర్ తాయీ" అన్న్యాడు. సంతూర్! మాకు అప్పుడు తెలిసింది వాన పేరు సంతూర్ అని. నూరు తంతులు ఉంటాయంట, రెండు పుల్లలతో కొడతారంట. మాయత్త నన్ను మోచేత్తో పొడిచి, "చూసినావా, నేను చెప్తాంటి గదా, వేళ్ళతో కాదని" అనింది.

అదే ప్లేటు మాత్రం లేదన్న్యాడు. పాతదంట, రావడం మానేసిందంట. నా మొగం చూసినాడేమో, "కూచోండి, ఇంగ వేరేవి వినండి" అని ఒక చెవుల డబ్బాలు ఇచ్చినాడు. ఇప్పుడు మీరు చెవుల్లో పెట్టుకుంటారే, అదే, అప్పుడు ఇంతింత లావు ఉండేటివి, తల మీద పట్టీతో. మాయత్త తల మీది కొంగు పైనే తగిలిచ్చినాడు. ప్లేటు ఏసినాడు. ఇంగ చూడు, అంగడంతా అదిరిపోయేట్ల అరిసింది: "మే కోడలా! నా తలకాయలో వాయిస్తాండాడే!"

అంగట్లో ఉన్న దొరలట్లాంటోళ్ళందరూ తిరిగి చూస్తిరి. నేను "మెల్లగత్తా, మెల్లగ" అంటాండా, ఆమెకు వినపడితే గదా! "ఎడమ చెవిలో ఒకడు! కుడి చెవిలో ఇంగొకడు! వీడు అడుగుతాండాడు, వాడు చెప్తాండాడు!" అని చేతులు ఊపుతా అరుస్తాండాది. నవ్వుతాండాది పాపా! పండ్లు కనపడేట్ల, కండ్లల్లో నీళ్ళు కారేట్ల. అంగడాయన కూడా కడుపు పట్టుకొని నవ్వి, ఇంగ మమ్మల్ని వదల్లేదు. వీణ ఏసినాడు. సరోద్ ఏసినాడు. ఇంగొకటి ఏస్తే అది మా నలుపుదారమే, దాని పేరు సారంగి అని చెప్పినాడు. ఇంగ్లీషోళ్ళ పియానో ఏస్తే, మాయత్త "ఎవరో బిడ్డ మెట్లు ఎక్కుతా దిగుతా ఆడుకుంటాండాది" అనింది. అమెరికా దేశంలోదంట, ఇత్తడి బాకా, ట్రంపెట్ అంటారు, అది ఏసినాడు. వాడు వాయిస్తా వాయిస్తా దావ తప్పిపోయినట్ల యాడికో పోతాడు, అయిపాయె, ఇంగ రాడు అనుకుంటామా, చక్కగా ఇంటికి వచ్చి నిలబడతాడు! నేను ఎగిరి కూచున్న్యా. భాష తెలీదు, దేశం తెలీదు, వాడు ఎట్లుంటాడో తెలీదు. అయినా వాడు చెప్పింది నాకు తెలిసింది. మాటలుంటే తెలిసేది కాదు గదా? మాటల్లేవు కాబట్టే తెలిసింది. నాకు ఆపొద్దు ఆ అంగట్లో అదొక్కటి అర్థమైంది. ఈ పద్నాలుగు ప్లేట్లు లోకంలో ఒక మూలకు గూడా రావు, లోకమంతా వాయిస్తాండాది నేను పుట్టినప్పట్నుంచి, నాకే తెలీలేదు అని.

ఆఖర్న ఒకటి ఏసినాడు. సంతూరు, పిల్లంగోవి, ఇద్దరూ కలిసి. మాయత్త నన్ను చూసింది, నేను ఆమెను చూసినా. ఆమె కొంగు ముడి విప్పి అంగడాయన ముందర పెట్టి, "ఇంథదే బేకప్పా" అనింది. ఇట్లాంటిదే కావాలప్పా అని.

సారు వచ్చినాడు, ఆ మరుసటేడు. పనిలోంచి రిటైరై కలకత్తా పోతా, దావలో దిగినాడు. జుట్టంతా తెల్లగైపొయ్యుండె. పెట్టె తెరిచి రంగు దారాలు చూసి ఏంటివని అడిగినాడు. చెప్తే ముచ్చటపడి ఒక్కొక్కటీ తడిమినాడు. తడుముతా తడుముతా నీలం దారం కాడికి వచ్చినాడు. బయటికి తీసినాడు. నోరు తెరిచి నేను చెప్పేలోపల మాయత్త ముందుకు వచ్చి, "నేనే సారూ. నేనే ఎండలో పెట్టినా. ముసిల్దాన్ని, తెలీక చేసినా" అనింది.

నేను "లేదత్తా..." అంటాంటే నా చెయ్యి గట్టిగా నొక్కింది, నోరు మూసుకోమని. నన్ను ఒక మాట కూడా పొగడని మనిషి. చూడు, ఇప్పటికీ నాకు... ఉండు, నీళ్ళియ్యి.

సారు కోపం చెయ్యలేదు. మేము కొత్త ప్లేటు తెచ్చి చేతికిస్తిమి, బెంగుళూరు పోయిన కథ అంతా చెప్తిమి. "మీరిద్దరా? దీనికోసరమా?" అని మళ్ళా మళ్ళా అడిగినాడు. ఎయ్యమన్న్యాడు. అరుగు మీద ముగ్గురం కూచొని విన్న్యాం. ఆయన కండ్లు మూసుకొని మోకాలి మీద వేళ్ళతో కొడతా విన్న్యాడు. అయిపోయినంక, "ఇది నా దగ్గర లేదు. నేను వినలేదు ఎప్పుడూ" అన్న్యాడు, చిన్నబిడ్డ మాదిరి. తీసుకోండి సారూ అంటే తీసుకోలేదు. "ప్లేట్లు నావి తీసకపోతా. ఇది మీది. కలకత్తాలో చెల్లెలింట్లో పెద్ద మిషనుంది. ఈ మిషను మీ దగ్గరే ఉండనీ. తిప్పకపోతే చచ్చిపోతుంది" అని నవ్వినాడు. పెట్టె రిక్షాలో పెట్టుకొని పోయినాడు. మళ్ళా చూడలే ఆయన్ని.

ఒక మిషను, ఒక ప్లేటు. అట్ల మొదలైంది మా సొంతం! రెండు చీరలు నేసి దింపితే ఒక ప్లేటు అని మాయత్త లెక్క పెట్టింది. ఏడాదికి ఒకసారి అత్తాకోడండ్లు బెంగుళూరికి. అంగడాయన మమ్మల్ని చూస్తానే ఆ చెవుల డబ్బాలు తుడిచి పెట్టేది. ఎనబైల్లో క్యాసెట్లు వచ్చినంక ఇంగ చెప్పొద్దు, మన ధర్మవరంలోనే దొరికె. మాయత్తకు పేర్లు రావు. అంగడి ముందర నిలబడి, "పేఁ పేఁ అంటాది చూడప్పా, బాతు ఏడ్సినట్ల, అది ఇయ్యి" అనేది. శాక్సోఫోన్ పాపా అది! దాంతో మన త్యాగయ్య కీర్తనలు వాయిస్తాంటే ముసిల్ది ఊగిపోయేది. మీ తాత? ఆయన కూడా మారిపొయ్యె. ట్రంపెట్ పెడితే మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె జోరుగా ఆడుతాదని ఆయనే అడిగి పెట్టిచ్చుకునేది. ఒప్పుకునేవాడు కాదనుకో.

నాకు ఒకటే చెప్పాలని ఉండాది నీకు. తెలీనిది వినపడితే ఆపేయొద్దు. మొదటిసారి అందరం పాడేవాడు రాలేదని లేసి పోయేటోళ్ళమే. ఇంగ కొంచేపు కూచో, అంతే. నీ చెవులు చల్లగుండల్ల తల్లీ. నీకు వినాల్సినవన్నీ వినే తీరిక దేవుడు ఇయ్యల్ల. పక్కన కూచొని వినేటోళ్ళు ఒకరన్నా దొరకల్ల నీకు, మాయత్త మాదిరి...

ఏందే, ఏం పెడతాండావు ఫోన్లో? నేను విననిదా? అట్లాంటిది ఉండాదా ఇంగా? పెట్టు చూస్తాం. ఊఁ... ఇదేందే ఇది? తంతా? కాదే, గాలా? నీళ్ళల్లో నుంచి వచ్చినట్ల ఉండాది... యా దేశందే ఇది? ఆఫ్రికానా! ఏం వాయిద్యమంటారు... వద్దు వద్దు, ఇప్పుడే చెప్పొద్దు. ఆ కుక్కర్ ఆర్పు పో. ఆర్పి రా, వచ్చి ఈడ కూచో. సద్దు చెయ్యొద్దు. అదిగో... అదిగో చూడు, వాయిచ్చేటోడు మళ్ళా వస్తాండాడు...